బత్తాయి అంటుమొక్క

బత్తాయి అంటుమొక్క అనగా వేరొక నిమ్మజాతి మొక్క కాండంపై బత్తాయి కన్నును అతికించి పెంచిన మొక్క. కింది మొక్కను వేరుమూలం అని, కన్నునిచ్చిన చెట్టును తల్లిచెట్టు అని అంటారు. బత్తాయి శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్. ఇది రూటేసి కుటుంబానికి చెందినది. తెలుగు రాష్ట్రాలలో ప్రధానంగా సాగులో ఉన్న రకం సాత్‌గుడి.

సాగు ప్రాంతం

పూర్వపు నల్గొండ జిల్లా బత్తాయి తోటలకు ప్రసిద్ధి చెందినది. 2016లో ఈ జిల్లాను విభజించినపుడు సూర్యాపేట, కోదాడ కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో వరి ప్రధాన పంట. బత్తాయి తోటలు ఎక్కువగా బోరుబావులపై ఆధారపడిన మెట్ట భూములలో ఉన్నాయి. నీరు నిలిచే నేలలు ఈ పంటకు పనికిరావు.

బెరడు నిర్మాణం

కాండంలో లోపలివైపు దారువు, వెలుపలివైపు బెరడు ఉంటాయి. ఈ రెండింటి మధ్య కేంబియం అనే పలుచని పొర ఉంటుంది. దారువు వేర్ల నుండి నీటిని పైకి పంపుతుంది. బెరడు లోపలి పొరయైన పోషక కణజాలం ఆకులలో తయారైన ఆహారాన్ని వేర్లకు చేరుస్తుంది.

కేంబియం కణాలు చురుకుగా విభజన చెందుతున్నపుడు బెరడు దారువు నుండి తేలికగా విడివడుతుంది. అంటు కట్టడానికి ఇదే అనువైన సమయం. పెన్సిలు లావున్న వేరుమూలంపై ఆంగ్ల అక్షరం 'టి' ఆకారంలో గాటు పెట్టి, కొద్దిపాటి బెరడుతో కోసిన కన్నును అందులో దూర్చి, పాలిథీన్ పట్టీతో కట్టుతారు. నీటి ఎద్దడిలో ఉన్న మొక్కకు బెరడు విడివడదు. అటువంటి అంట్లు సరిగా అతకవు.

నారుమొక్కల ఎంపిక

నిమ్మజాతి విత్తనాలలో బహుపిండత సాధారణం. ఒకే గింజ నుండి రెండు మూడు మొలకలు రావచ్చు. వీటిలో అండాంతఃకణజాలం నుండి పుట్టినవి తల్లిని పోలి ఒకే తీరుగా పెరుగుతాయి. సంకర మొలకలు తరచు భిన్నంగా ఉంటాయి. కనుక నారుమడిలో మరీ పొట్టివి, మరీ ఏపుగా ఎదిగినవి, ఆకు తీరు వేరుగా ఉన్నవి తీసివేస్తారు. ఈ బహుపిండత వలననే సంకరణం ద్వారా కొత్త రకాలను రూపొందించడం కష్టం. మేలైన తల్లిచెట్లను ఎంపిక చేయడమే ముఖ్యమైన మార్గం.

వేరుమూలంగా గతంలో జంబేరిని విరివిగా వాడేవారు. నీటి ఎద్దడిని తట్టుకునే గుణం వలన రంగపూర్ నిమ్మను సిఫారసు చేస్తున్నారు.

తెగుళ్ళు

ఫైటోఫ్తొరా వలన మొదలు వద్ద బెరడు కుళ్ళి బంక కారుతుంది. ట్రిస్టిజా వైరస్, గ్రీనింగ్ బాక్టీరియా పోషక కణజాలంలో నివసిస్తాయి. రోగగ్రస్తమైన తల్లిచెట్టు నుండి తీసిన కన్ను ద్వారా ఇవి కొత్త మొక్కకు సంక్రమిస్తాయి.

ట్రిస్టిజా వలన 1930, 1940 దశకాలలో బ్రెజిల్, అర్జెంటీనాలలో పుల్లనారింజ వేరుమూలంపై పెంచిన తోటలు నశించాయి. అంటు అతుకు కిందనే పోషక కణజాలం చనిపోవడంతో వేర్లకు ఆహారం అందలేదు. తరువాత బ్రెజిల్ రైతులు రంగపూర్ నిమ్మకు మారారు. అయితే 1999 తరువాత అదే వేరుమూలంపై ఉన్న చెట్లు అక్కడ మరొక ఆకస్మిక మరణ వ్యాధికి గురయ్యాయి. ఒకే వేరుమూలాన్ని నమ్ముకోవడంలోని ప్రమాదాన్ని ఈ ఉదంతం తెలుపుతుంది.

మొక్కల కొనుగోలు

అంటుమొక్క కాపుకు రావడానికి నాలుగైదు సంవత్సరాలు పడుతుంది. తల్లిచెట్టు మంచిది కాకపోతే ఆ విషయం రైతుకు కాపు వచ్చిన తరువాతనే తెలుస్తుంది. అప్పటికి పెట్టుబడి, కాలం రెండూ గడిచిపోతాయి. కావున తల్లిచెట్టు, వేరుమూలం వివరాలు తెలిపే గుర్తింపు పొందిన నర్సరీలలోనే మొక్కలు కొనాలి. నాటునపుడు అంటు అతుకు నేలకు పైన ఉండాలి. అది మట్టిలో కప్పబడితే బత్తాయి బెరడుకు నేలలోని ఫైటోఫ్తొరా నేరుగా సోకుతుంది.

ఇవి కూడా చూడండి

నిమ్మ
నారింజ
అంటు కట్టడం