లత్తేరి ప్రాంతమున కుష్ఠురోగుల పునర్జీవన చరిత్ర

కాట్పాడినుండి గుడియాత్తము పోవు రైలుమార్గమున లత్తేరి యొక చిన్న స్టేషను. ఈ ప్రాంతపు చరిత్ర వ్రాయువారు కోటలను, పాళెగాండ్రను, శాసనములను మరువరు. కుష్ఠురోగుల చేతుల కథను మాత్రము వైద్యపత్రికలకు విడిచిపెట్టిరి. వ్యాధి పేరే మనిషి పేరుగ వాడుకొన్న మన భాషకు ఆ కథతో పనిలేదా?

కొల్లిమలలలో జన్మించిన డాక్టరు పాల్ బ్రాండుగారు 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిరి. రోగమే వ్రేళ్లను తినివేయునని నాటి నమ్మకము. నరములు చెడి స్పర్శ నశించుటచే, కాలినను తెగినను తెలియక, గాయములు ముదిరి వ్రేళ్లు పోవుచున్నవని వారును సహచరులును కనుగొనిరి. 1951లో నెలకొల్పిన నవజీవ నిలయమున కొందరి వ్రేళ్ల కొసలు రాత్రికి రాత్రి మాయమగుచుండెను. కావలి కాచి చూడగా అది ఎలుకల పని! నిద్రించువానికి నొప్పియే తెలియదు. అంతట పిల్లులను పెంచిరి. పూర్వజన్మ పాపఫలమని తరతరములుగ చెప్పుకొన్నదానిలో కొంత భాగము ఎలుకలది.

వంగిపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సచే చక్కజేయుట 1948 నాటికే ఆరంభమయ్యెను. అయినను చికిత్స పొందినవారిలో కొందరు విచారముతో తిరిగివచ్చిరి. వంకర చేతికి భిక్ష దొరకెడిది. చక్కని చేతికి భిక్షయు లేదు, ఊరిలో పనియు లేదు. నిలయమున వడ్రంగము మొదలగు వృత్తులు నేర్పుట ఇందుకొరకే. చేయి బాగుచేసి పని ఈయకుండుట సగము వైద్యమేయని వారు గ్రహించిరి.

1955లో కాట్పాడి చెంత కరిగిరియందు షెఫిలిన్ ఆరోగ్యశాల ఏర్పడెను. 1962 మొదలు గుడియాత్తము తాలూకాలో గ్రామగ్రామమున రోగులను వెదకి, ఇల్లు విడువనక్కరలేకుండ మందులిచ్చిరి.

1954లో మోటారు ప్రమాదమున నడుము క్రింది భాగము చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీసుగారు చక్రముల కుర్చీలో కూర్చుండియే ఈ చేతులకు శస్త్రచికిత్స చేసిరి. విదేశములలో శిక్షణ పొంది తిరిగివచ్చి, వేలూరులో పునరావాస వైద్యశాఖకు అధిపతి యైరి. బాగాయములో 1966లో వెలసిన పునరావాస సంస్థ వారి కృషిఫలము. 1972లో పద్మశ్రీ లభించెను.

చట్టము ఇంత వేగముగ నడువలేదు. దిక్కులేని కుష్ఠురోగిని వారంటు లేకయే పట్టుకొనుటకును, అన్నపానీయములు చేసి అమ్మకుండ నిషేధించుటకును వీలిచ్చిన 1898 నాటి కేంద్రశాసనము 2016లో గాని రద్దు కాలేదు. ఆ యేడాదియే వెలువడిన వికలాంగుల హక్కుల చట్టము, కుష్ఠు నయమైనవారిని ప్రభుత్వోద్యోగముల రిజర్వేషనులో చేర్చినది. ఈ వ్యాధి విడాకులకు కారణమను నిబంధనను వ్యక్తిగత చట్టములనుండి తొలగించుటకు మరి మూడేండ్లు, అనగా 2019 వరకు, పట్టెను.