జఠరములోని సూక్ష్మజీవి - పెద్దప్రేగులోని బుడిపెలు

జఠరరసములో హైడ్రోక్లోరికామ్లము ఉన్నది. అంతటి పులుపులో ఏ సూక్ష్మజీవియు కాపురముండజాలదని వైద్యులు చిరకాలము నమ్మిరి. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్ అను వ్యాధి విజ్ఞాని, రోగుల జఠరపు పొరనుండి తీసిన ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు వంకర తిరిగిన సూక్ష్మజీవులను చూచెను. పొర వాచియున్న చోటనే అవి కనబడుచుండెను. 1981లో బారీ మార్షల్ అను యువవైద్యుడు ఆయనతో కలిసెను. వీనిని పెంచుటకు చేసిన యత్నములు మొదట విఫలమయ్యెను. ప్రయోగశాలలో పళ్లెములను రెండు దినములు చూచి పారవేయుట వాడుక. 1982 ఈస్టరు సెలవులలో అవి ఐదు దినములు అట్లే ఉండిపోగా సూక్ష్మజీవులు పెరిగెను. 1989 నుండి వీనిని హెలికోబాక్టర్ పైలోరీ అనుచున్నారు.

అయితే రెండు విషయములు కలిసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాదు. వాచిన జఠరములోనికి సూక్ష్మజీవి తరువాత వచ్చి చేరియుండవచ్చును గదా! ఈ సందేహమును తీర్చుటకై 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవమును తానే త్రాగెను. కొలది దినములలో వాంతులు పట్టుకొనెను. పరీక్షింపగా జఠరపు పొర వాచియుండెను. 1994లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ దీనిని కాన్సరు కారకముల జాబితాలో చేర్చెను. 2005లో వారెన్, మార్షల్‌లకు నోబెల్ బహుమానము లభించెను.

ఇక పెద్దప్రేగు సంగతి. కొందరికి దాని లోపలి గోడపై బుడిపెలు మొలచును. వీనిని పాలిప్‌లందురు. వీనిలో అడినోమా అను రకమునకు చెందినవి కొన్ని ఏండ్ల తరబడి మారుచు కాన్సరుగా పరిణమించును. 2013లో సోనెన్‌బర్గ్, జెంటా అను వారు అమెరికాలో 1,56,000 మందికి పైగా రోగుల వివరములను పరిశీలించిరి. జఠరములో ఈ సూక్ష్మజీవి ఉన్నవారిలో అడినోమాలు హెచ్చుగా కనబడెను.

జఠరమందలి జీవికి, అంత దూరమున నున్న పెద్దప్రేగుతో పనియేమి? ఇది సోకినపుడు రక్తములో గాస్ట్రిన్ అను హార్మోను హెచ్చుననియు, అది ప్రేగు కణముల పెరుగుదలను ప్రేరేపించుననియు ఒక ఊహ. 2023లో మ్యూనిక్ శాస్త్రజ్ఞులు వేరొక మార్గము చూపిరి. ప్రేగు కణితులు సహజముగా పుట్టు ఎలుకలకు ఈ సూక్ష్మజీవిని ఎక్కింపగా కణితులు అధికమయ్యెను. ప్రేగులోని రక్షణ వ్యవస్థ, అందలి సూక్ష్మజీవుల కూర్పు మారెను. మందులతో దానిని తొలగింపగా ఆ హాని తగ్గెను.

అయినను ఎలుక మనిషి కాదు. ధూమపానము, ఆహారము, పేదరికము వంటివి రెండింటికిని మూలము కావచ్చును. మార్షల్ జఠరము కొలది దినములలో సమాధానము చెప్పెను. బుడిపె కాన్సరగుటకు ఏండ్లు పట్టును. కావున చికిత్స పొందినవారిని, పొందనివారిని దీర్ఘకాలము పోల్చి చూడవలసియున్నది. బుడిపెలను ముందుగా గుర్తించి తీసివేసినచో పెద్దప్రేగు కాన్సరు తగ్గునని మాత్రము 1993లోనే అమెరికా పరిశీలన ఒకటి తెలిపినది.