ముందు కేశవుడు, వెనుక మోహిని

కోనసీమ జిల్లా ఆత్రేయపురం అనగానే మనకు పూతరేకులే గుర్తొస్తాయి. అదే మండలంలోని ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉంది. ఒకే రాతి విగ్రహం. ముందు నుంచి చూస్తే శంఖచక్రాలతో విష్ణువు, వెనక్కి వెళ్తే సిగ చుట్టుకున్న మోహిని. ఇక్కడ భక్తులను వెనక్కి కూడా వెళ్లి చూడనిస్తారు.

మోహిని వెంట శివుడు పరుగెత్తాడట. ఆమె సిగలోంచి పువ్వు రాలిందట. ఆ రాలడం నుంచే ర్యాలి అనే పేరు వచ్చిందని స్థలపురాణం. శివుడు ఆ పువ్వు వాసన చూసి తలెత్తేసరికి ఎదురుగా కేశవుడు! ఆ గుడికి ఎదురుగానే ఉమా కమండలేశ్వరుడి గుడి. కేశవుడి గుడిని 11వ శతాబ్దంలో విక్రమదేవుడనే రాజు కట్టించాడని చెబుతారు.

తిరుమల బ్రహ్మోత్సవాల్లోనూ ఐదో రోజు పొద్దున స్వామివారు మోహినిగా ఊరేగుతారు. ఆ రాత్రే గరుడ సేవ. చీర కట్టినందుకు స్వామి గౌరవం తగ్గలేదు కదండీ!

ఇంకొకటి, కర్ణాటకలోని బాదామి మొదటి గుహలో 6వ శతాబ్దపు అర్ధనారీశ్వరుడు. మన అలంపురంలో నవబ్రహ్మ గుడులు కట్టించిన చాళుక్యులదే ఆ పని కూడా. కుడివైపు శివుడు, ఎడమవైపు పార్వతి, పక్కన ఎముకల గూడులా భృంగి మహర్షి. ఈ భృంగి శివుడికే తప్ప పార్వతికి ప్రదక్షిణ చేయనన్నాడు. ఆమె శివుడిలో సగమైతే, తుమ్మెదై మధ్యలో తొలుచుకుని శివుడి చుట్టే తిరగబోయాడు. అమ్మవారికి కోపం వచ్చింది. తల్లి నుంచి నీకొచ్చిన రక్తమాంసాలు పొమ్మని శపించింది. మిగిలినవి తండ్రి ఇచ్చిన ఎముకలే. నిలబడలేక కూలిపోతే శివుడు జాలిపడి మూడో కాలు ఇచ్చాడు. నాకు ఈ కథలో శివుడి జాలి కన్నా అమ్మవారి కోపమే నచ్చుతుంది.

మా ముత్తంగిలో చాలామందివి పటాన్‌చెరు ఫ్యాక్టరీల షిఫ్టులు. భార్య పొద్దున షిఫ్టుకు పోతే భర్తే బిడ్డకు జడలేసి, టిఫిన్ డబ్బా కట్టి బడికి పంపే ఇళ్లున్నాయి. "ఏందన్నా, వదిన పని నువ్వు చేస్తున్నవా?" అని నవ్వేవాళ్లూ ఉన్నారు. శివరాత్రికి జాగారం చేసేదీ వాళ్లే.

మా ఇల్లేం తక్కువ కాదు. మొన్న సంక్రాంతికి పదో తరగతి చదివే మా అబ్బాయి వాకిట్లో ముగ్గు వేస్తుంటే, "ఆడపిల్లవా బిడ్డా?" అన్నది మా అత్తమ్మ. వాడు మాట్లాడకుండా ముగ్గు గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. మధ్యాహ్నం బియ్యం ఏరుతూ అత్తమ్మకు భృంగి కథ చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం, "ఆ ముగ్గు సగంలనే ఉన్నది, ఎవరు పూర్తి చేస్తరు?" అంటూ వాడి వైపే చూసింది.