తెగిపోయే లైను కోసం పుట్టిన క్రోనీ

సూర్యాపేట జిల్లా మునగాలలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి, ఏడాది సగటున చూస్తే, గడియారంలో పన్నెండు దాటి పది నిమిషాల పైనే అవుతుంది. గడియారం తప్పేమీ లేదు. దేశమంతటి టైముకూ లెక్క కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి. 1906 జనవరి 1న ఆ ఏర్పాటు మొదలైంది. కలకత్తా, బొంబాయి మాత్రం ఇంకా చాలా ఏళ్లు తమ టైం వదల్లేదు. సూర్యుడితో కుదరకపోయినా స్టేషన్లన్నీ ఒకదానితో ఒకటి కుదరాలి, రైళ్లకు కావలసింది అదే. కంప్యూటర్లకూ అదే కావలసి వచ్చింది.

కంప్యూటర్ లోపలి గడియారాన్ని నడిపేది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. వేడికి దాని నడక మారుతుంది. రోజుకో సెకను అటూ ఇటూ కావడం మామూలే. ఒక్క కంప్యూటరే ఉంటే ఎవరూ పట్టించుకోరు. రెండు ఉండి, బిల్లు కంటే ముందే రసీదు పుట్టినట్టు కనిపిస్తే అప్పుడు గొడవ.

ఈ గొడవను పట్టుకుని కూర్చున్నది అమెరికా ఇంజనీరు డేవిడ్ మిల్స్. ఆయన ప్రయోగాలు చేసిన పీడీపీ-11 యంత్రాల్లో కొన్నిటి గడియారాలు కరెంటు ఫ్రీక్వెన్సీని లెక్కపెట్టుకుని నడిచేవి. గ్రిడ్ మీద లోడ్ పెరిగితే ఫ్రీక్వెన్సీ తగ్గేది, గడియారం వెనకబడేది. యాసంగిలో మోటార్లు ఆడే ఊళ్లవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1985లో మిల్స్ నెట్‌వర్క్ టైం ప్రోటోకాల్‌ను, అంటే ఎన్‌టీపీని, ప్రకటించారు. ప్రశ్న బయల్దేరిన క్షణం, సరైన టైం చెప్పే సర్వర్‌కు అది చేరిన క్షణం, జవాబు బయల్దేరిన క్షణం, తిరిగి అందిన క్షణం: ఈ నాలుగిటి నుంచి కంప్యూటర్ తన గడియారం తేడా ఎంతో లెక్కకట్టుకుంటుంది. పోనూ రానూ ఒకే కాలం పడుతుందన్న ఊహ మీదే లెక్కంతా. పోవడానికి 10, రావడానికి 50 మిల్లీసెకన్లు పడితే 20 మిల్లీసెకన్ల తప్పు మిగులుతుంది. ఒక్క సర్వర్‌నే నమ్ముకుంటే ఆ తప్పు బయటపడే దారే లేదు.

మిల్స్ పద్ధతితో నడిచే పాత ప్రోగ్రాం ఎన్‌టీపీడీ. సర్వర్‌తో మాట తెగకుండా ఉంటేనే అది బాగా కుదురుకుంటుంది. అప్పుడప్పుడు మాత్రమే కలిసే డయల్-అప్ లైను మీద నడిచే కంప్యూటర్లకు అదెలా సాధ్యం? అందుకే రిచర్డ్ కర్నో 1997 ప్రాంతంలో క్రోనీ అనే ప్రోగ్రాం రాశారు. లైను ఉన్న కాసేపట్లోనే అది గడియారం ఎంత వేగంగా తప్పుతోందో అంచనా కట్టి ఫైల్లో దాచుకుంటుంది. లైను పోయాక ఆ అంచనాతోనే దిద్దుతూ పోతుంది. 2014లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ ఏడో వెర్షన్‌లో క్రోనీయే డిఫాల్ట్ అయింది.

ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇవేవీ వెతుక్కోనక్కర్లేదు, దాంతో వచ్చిన టైం సర్వీసే చాలు. నాలుగైదు కంప్యూటర్లున్న ఆఫీసుకైతే నా ఓటు క్రోనీకే. ఒకదాన్ని బయటి సర్వర్లకు కలిపి, మిగతావాటిని దాని వైపు చూడమనండి. ఏ సర్వర్లంటారా? 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ), నేషనల్ ఫిజికల్ లేబొరేటరీల టైం సర్వర్లను పేరు పెట్టి చెప్పింది. క్రోనీ సెట్టింగుల్లో రెండింటినీ రాసుకోండి.