రాక్షసుడి బొమ్మలో ఎవరున్నారు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన గ్రూపులో చరిత్ర అంటే రంప పితూరీలు, 1/70 చట్టం, పోడు భూములు. అవి రాయాల్సిందే. ఈసారి నేను బొమ్మల కథల చరిత్ర రాస్తున్నా. పిల్లల పుస్తకాలేగా అని తీసిపారేయొద్దు. మైదానం పిల్లలు మనల్ని ఒక్కసారి కూడా చూడకముందే అడివి మనిషి ఎలా ఉంటాడో ఆ బొమ్మల్లో చూసేస్తారు.

తెలుగులో ఆ పని ఎక్కువ చేసింది చందమామ. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు, చిత్రా, శంకర్ బొమ్మలు. రాక్షసులు, మాంత్రికులు, భూతాలు లేని నెల ఉండేది కాదు. తర్వాత 1967లో అనంత్ పై అమర్ చిత్ర కథ మొదలుపెట్టారు. పురాణాలన్నీ రంగుల బొమ్మలయ్యాయి.

ఆ రోజుల బొమ్మల కథల్లో రాక్షసుడు ఎక్కువగా ఎలా ఉంటాడో గుర్తు చేసుకోండి. నల్లటి ఒళ్ళు, ఉంగరాల జుట్టు, నడుముకి తోలు, మెడలో పూసలు, తల మీద ఈకలు, చేతిలో గద. ఉండేది కొండ గుహలో. కొమ్ములు, కోరలు తీసేసి చూడండి, మిగిలింది ఎవరు? మన ముసలమ్మల మెడలో ఉండే లోహపు కడియాలు, మన పూసలు, మన అడివి. రాక్షసులంటే ఆదివాసులే అని నేను అనట్లేదు, అంత తేలిగ్గా తేల్చే విషయం కాదది. కానీ భయపెట్టే బొమ్మ వెయ్యాలంటే సామాన్లు ఎక్కడినుంచి తెచ్చారో మాత్రం కనిపిస్తూనే ఉంది. అమర్ చిత్ర కథలో దేవతలు తెల్లగా, అసురులు నల్లగా ఉండటం మీద చదువుకున్నవాళ్ళు కూడా చాలాకాలంగా విమర్శలు రాస్తున్నారు.

హాస్టల్లో చేరిన మొదటేడు ఒకడు నన్ను అడిగాడు, "మీ ఊళ్ళో ఇంకా ఆకులు కట్టుకుంటారా?" అని. చెడ్డోడు కాదు, ఇప్పుడు నా కంచంలోంచే తింటాడు. ఆ ప్రశ్న వాడిది కాదు. వాడు ఎక్కడో చూసిన బొమ్మది.

మరి మంచి రాక్షసుడు లేడా అంటే ఉన్నాడు, ఘటోత్కచుడు. చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే 1957లో విజయా సంస్థ తరఫున మాయాబజార్ తీశారు, దర్శకుడు కె.వి.రెడ్డి. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు, సూర్యకాంతం హిడింబి. రాక్షసుల ఇంట్లో కూడా తల్లి ఉంటుందని, ఆ తల్లికి కొడుకు మీద ప్రేమ ఉంటుందని ఊరంతా నవ్వుకుంటూ చూశారు. ఎంత మంచి సినిమానో నేను చెప్పక్కర్లేదు.

అయితే ఒక సంగతి గమనించండి. అభిమన్యుడు, సుభద్ర వస్తున్నది ఘటోత్కచుడి అడివిలోకి. ఎవరు మీరు అని అడ్డుకుంటాడు, యుద్ధం అవుతుంది. చుట్టాలని తెలిశాకే అందరూ ఒకటవుతారు. తర్వాత అతని పని పాండవుల పిల్లాడి పెళ్ళి చెయ్యడం. పెళ్ళితో కథ ఆగిపోతుంది.

భారతం అక్కడ ఆగదు. బొమ్మల పుస్తకం పక్కన పెట్టి మూలకథ అడిగి తెలుసుకోండి. భీముడు హిడింబిని పెళ్ళి చేసుకుంటాడు గానీ కొడుకు పుట్టేవరకే. తర్వాత పాండవులు వెళ్ళిపోతారు, తల్లీకొడుకులు అడివిలోనే. తలుచుకుంటే వస్తానని ఘటోత్కచుడు మాట ఇస్తాడు, అలాగే వస్తాడు. అరణ్యవాసంలో నడవలేని ద్రౌపదిని మోస్తాడు. చివరికి రాత్రి యుద్ధంలో కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న శక్తిని ఇతని మీద వేస్తాడు. పడిపోతూ కూడా ఒళ్ళు పెంచి కౌరవసేన మీద పడతాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు. అర్జునుడు బతికాడు కాబట్టి. అంతేకాదు, వీడు యజ్ఞాలకు, బ్రాహ్మణులకు శత్రువు, కర్ణుడు చంపకపోతే నేనే చంపాల్సి వచ్చేది అంటాడు. ద్రోణపర్వంలో ఉన్న మాట ఇది. మోసినంతకాలం మంచి రాక్షసుడు, పని అయిపోయాక ఉట్టి రాక్షసుడు.

ఇది కథలోనే ఉండిపోతే బాధ లేదు. 1871లో ఇంగ్లీషువాళ్ళు నేరస్త తెగల చట్టం తెచ్చారు, 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. కొన్ని కులాలు, తెగల్లో పుట్టడమే నేరానికి గుర్తు అన్నారు. మొత్తం దేశంలో రద్దయింది 1952లో. అంటే చందమామ పుట్టినప్పుడు ఈ దేశంలో పుట్టుకను బట్టి మనిషిని అనుమానించే చట్టం ఇంకా బతికే ఉంది.

అదే చందమామలో నాకు నచ్చిన భూతం ఒకటుంది. బేతాళుడు. 1950లలో మొదలై ఏళ్ళ తరబడి సాగిన కథలు. పాత సంస్కృత కథలు ఇరవై అయిదే, అవి అయిపోయాక కొత్తవి రాసుకుంటూ పోయారు. శంకర్ వేసిన ఆ బొమ్మ, శవాన్ని భుజాన వేసుకుని కత్తితో నడిచే రాజు, చూడనివాళ్ళు తక్కువ. ఇక్కడ భూతం రాజుని మొయ్యడు, రాజే భూతాన్ని మోస్తాడు. భూతం కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. రాజు జవాబు చెప్పాలి, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. పాత కథ చివర్లో ఇంకా పెద్ద సంగతి ఉంది. భిక్షువు వేషంలో ఉన్నవాడే రాజుని బలి ఇవ్వాలని చూస్తాడు. ఆ మోసం ముందే చెప్పి రాజుని కాపాడేది బేతాళుడు. కాషాయం కట్టినవాడు హంతకుడు, చెట్టుకి వేలాడే శవంలోని భూతం స్నేహితుడు.

బయట దేశాల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి. 1818లో మేరీ షెల్లీ రాసిన ఫ్రాంకెన్‌స్టైన్‌లో ఆ వికారపు జీవి మనుషుల ప్రేమ కోరుకుంటాడు, వాళ్ళు రూపం చూసి తరుముతారు. 1962లో వచ్చిన హల్క్ కామిక్స్‌లో కూడా సైన్యం అతన్ని వేటాడుతూనే ఉంటుంది. కానీ వాళ్ళిద్దరూ జాలి కోసం నిలబడ్డారు. బేతాళుడికి జాలి అక్కర్లేదు. ప్రశ్న అడగడం అతని బలం.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మనకి "మంచి రాక్షసుడు" బొమ్మ చాలదు. జార్ఖండ్‌లో అసుర్ అనే ఆదివాసీ తెగ ఉంది, పూర్వం నుంచి ఇనుము కరిగించిన వాళ్ళు. మహిషాసురుడు తమ పూర్వీకుడని నమ్మి దసరాలో పండగ బదులు దుఃఖం పాటించేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఊరంతా సంబరపడే బొమ్మలో వాళ్ళకి తమ తాత కనిపిస్తున్నాడు. కథ ఎవరు చెప్తున్నారన్నదాన్ని బట్టి రాక్షసుడు మారిపోతాడు.

చందమామ సంతాలీ భాషలో కూడా వచ్చింది. అంటే ఆదివాసీ భాషలో బొమ్మల కథ అచ్చెయ్యడం కుదరని పని కాదు. కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒరియా, మన ఇళ్ళల్లో ఇన్ని భాషలున్నాయి. బొమ్మలు వేసే పిల్లలు ప్రతి హాస్టల్లో ఉన్నారు. ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి ఒక్క దెయ్యం కథ రాసుకోండి. మన కథల్లో భయపెట్టేవాడు ఎవరు, ఏ రూపంలో వస్తాడు, ఎటునుంచి వస్తాడు? కొండ మీద నుంచా, కింద నుంచా? ఏ ఊరు, ఏ భాష అన్నది కూడా కలిపి ఇక్కడే పెట్టండి. బొమ్మ వెయ్యగలిగినవాళ్ళు వేసి పెట్టండి.