మాటను పుట్టించింది ఎవరు?

క్లాసులో ప్రశ్న అడిగితే కొందరు పిల్లలు జవాబు తెలిసీ నోరు విప్పరు. తర్వాత వరండాలో ఆపి అడిగితే, 'మా భాష బాగోదు సార్, నవ్వుతారు' అంటారు. ఈ వారం వ్యాసం వాళ్ల కోసం.

మాట ఎప్పుడు పుట్టింది? రాతి పనిముట్లు భూమిలో మిగిలాయి, మాటలు మిగల్లేదు. అందుకే 1866లో పారిస్ భాషాశాస్త్ర సంఘం, భాష పుట్టుక మీద వ్యాసాలు తీసుకోబోమని తన నియమాల్లోనే రాసుకుంది. తర్వాత తవ్వకాల్లో కొన్ని ఆనవాళ్లు దొరికాయి. 1983లో ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో సుమారు 60 వేల ఏళ్ల నాటి నియాండర్తల్ మనిషి నాలుక మొదట్లో ఉండే చిన్న ఎముక బయటపడింది. అది దాదాపు మన ఎముకలాగే ఉంది. అదొక్కటే మాటకు రుజువు కాదు. ఎందుకంటే గొంతు ఉంటే చాలదు, ఒక శబ్దానికి నలుగురూ ఒకే అర్థం ఒప్పుకోవాలి.

ఆ ఒప్పందం ఎలా కుదురుతుందో మన కాలంలోనే నికరాగువాలో కనిపించింది. అక్కడ వినికిడి లేని పిల్లలు చాలామంది ఎవరింట్లో వాళ్లు, సొంత సైగలతో గడిపేవాళ్లు. 1970ల చివర్లో మనాగువాలో బడి పెట్టాక ఒకచోట చేరారు. టీచర్లు పెదవుల కదలికతో స్పానిష్ నేర్పబోయారు, అది పెద్దగా ఎక్కలేదు. కానీ ఆటస్థలంలో, బస్సులో పిల్లలు తమ సైగలు కలిపేసుకున్నారు. వెనక వచ్చిన చిన్నపిల్లలు వాటికి వ్యాకరణం తెచ్చారు. కొత్త భాష తయారైంది. ఏ పండితుడూ నేర్పలేదు.

అది చేతుల భాషే కావచ్చు. కానీ నోటి భాషకూ వర్తించే పాఠం ఒకటుంది: విడివిడిగా ఉన్నప్పుడు సైగలు, కలిశాక భాష.

ఇప్పుడు మన దేశం వైపు చూడండి. పురుషసూక్తం బ్రాహ్మణుణ్ణి నోరన్నది, శూద్రుణ్ణి పాదాల్లోంచి పుట్టించింది. మనకు ఆ ఒంట్లోనే చోటు లేదు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క పోయమంది గౌతమ ధర్మసూత్రం. పలికితే నాలుక కోయమంది. పంచుకుంటే పుట్టిన మాటకు కంచె కట్టడమే ఆ శాస్త్రం పని. వెలివాడ కట్టినవాళ్లూ చేసింది అదే, మనుషుల్ని విడదీయడం.

వ్యాకరణాలు రాయడానికి వేల ఏళ్ల ముందే, ఒక్క అక్షరం రాని మనుషులు భాషను తయారుచేశారు. వాళ్లు అందరికీ పూర్వీకులే. కాబట్టి తమ్ముడూ, చెల్లీ, నీ యాస తప్పు కాదు. రేపు క్లాసులో ఆ యాసలోనే జవాబు చెప్పు. నవ్వేవాళ్లను నవ్వనీ.

జై భీమ్.