ప్రజాభిప్రాయము – పార్లమెంటు వోటు: బ్రిటనులో ఉరిశిక్ష రద్దయిన చరిత్ర

ప్రజాస్వామ్యంలో ప్రభుత్వం ప్రజల అభిప్రాయం ప్రకారం నడవవలెనని అందరూ ఒప్పుకొంటారు. అయితే ఇందులో రెండు చిక్కు ప్రశ్నలు ఇమిడి ఉన్నవి. కోట్లాది ప్రజల అభిప్రాయం ఏమిటో కనుగొనడం ఎట్లా? కనుగొన్న తరువాత, ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధి దానికి ఎంతవరకు కట్టుబడి ఉండాలి? మొదటి ప్రశ్న గణితశాస్త్రానికి, రెండవది రాజనీతికి సంబంధించినవి. ఇరవయ్యవ శతాబ్దంలో బ్రిటను దేశంలో ఈ రెండు ప్రశ్నలూ ఒకే విషయం మీద ఎదురుపడినవి. ఆ విషయం ఉరిశిక్ష. అది రద్దయిన విధానాన్ని పరిశీలిస్తే, పార్టీ రాజకీయాలు, అభిప్రాయ సేకరణలు, సభలో వేసే వోట్లు – ఈ మూడింటికీ గల సంబంధం, వాటి మధ్య గల తేడా స్పష్టంగా తెలుస్తవి.

మెతుకు పట్టి చూడటం

అన్నం ఉడికినదో లేదో తెలుసుకోవడానికి కుండంతా కలియబెట్టనక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలు అంటారు. అభిప్రాయ సేకరణకు ఆధారం ఈ సూత్రమే. కాని ఇందులో ఒక షరతు ఉన్నది. కుండలోని మెతుకులన్నింటికీ వేడి సమానంగా తగిలి ఉండాలి. ప్రజలు అట్లా ఏకరీతిగా ఉండరు. ధనికులు, పేదలు, వృద్ధులు, యువకులు, పట్టణవాసులు, గ్రామీణులు వేరువేరుగా ఆలోచిస్తారు. కనుక కుండలో అన్ని తావుల నుండి కొన్ని కొన్ని మెతుకులు తీసి చూడాలి. ఇట్లా తీసిన దానినే ‘నమూనా’ అంటారు.

నమూనా ఎంత పెద్దదన్నది కాదు, ఎట్లా తీశారన్నది ముఖ్యమని 1936లో అమెరికాలో ఋజువైనది. ఆ సంవత్సరం అధ్యక్షుని ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి వోటు పత్రాలు పంపినది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చినవి. వాటిని లెక్కించి లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించినది. తీరా చూస్తే రూజ్వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 రాష్ట్రాలను గెలుచుకొన్నాడు. పత్రిక తన జాబితాలను ఎక్కువగా టెలిఫోన్లు, కార్లు ఉన్నవారి నుండి తయారుచేసినది. ఆర్థికమాంద్యం రోజులలో అవి ఉన్నవారు కలిగినవారే. అదీగాక, పత్రాలు అందినవారిలో నాలుగవ వంతు మంది కూడ జవాబివ్వలేదు. ఇంతకంటె ఎంతో చిన్న నమూనాతో జార్జి గాలప్ అనే పరిశోధకుడు రూజ్వెల్టే గెలుస్తాడని సరిగా చెప్పగలిగాడు.

నమూనాను పక్షపాతం లేకుండ తీసినప్పుడు పొరపాటు ఎంత ఉండవచ్చునో గణితం చెప్పగలదు. నమూనాలోని మనుష్యుల సంఖ్యకు వర్గమూలం కట్టి, 1ని దానితో భాగించాలి. 1000కి వర్గమూలం సుమారు 32. 1ని 32తో భాగిస్తే సుమారు 3 శాతం వస్తుంది. అంటే ఇట్లాంటి నమూనాలు ఇరవై తీస్తే, పందొమ్మిదింటిలో ఫలితం అసలు సంఖ్యకు 3 శాతం అటో ఇటో ఉంటుందన్నమాట. నమూనాను నాలుగు రెట్లు పెంచినా పొరపాటు సగానికి మాత్రమే తగ్గుతుంది. కాని నమూనాలో పక్షపాతం ఉంటే, దానిని ఎంత పెంచినా ఆ దోషం పోదు.

గాలప్ పద్ధతిని 1937లో హెన్రీ డ్యురాంట్ బ్రిటనులో ప్రవేశపెట్టాడు. ఫలితాలను న్యూస్ క్రానికల్ అనే దినపత్రిక ప్రచురించేది. 1945 ఎన్నికలలో ఈ పద్ధతి పరీక్షకు నిలిచినది. యుద్ధంలో దేశాన్ని గెలిపించిన చర్చిల్ ఓడిపోతాడని రాజకీయ నాయకులలో చాలామంది ఊహించలేదు. గాలప్ సేకరణ మాత్రం లేబరు పార్టీ ముందున్నదని చెప్పినది. జూలై 26న ఫలితాలు వెలువడినప్పుడు లేబరు పార్టీకి 393 స్థానాలు వచ్చినవి. అయితే ఈ పద్ధతి ఎన్నడూ తప్పలేదని అనుకోరాదు. 1970, 1992, 2015 సంవత్సరాల ఎన్నికలలో బ్రిటిషు సేకరణలు చాలవరకు గురి తప్పినవి. 2015 నాటి పొరపాటుపై జరిగిన విచారణలో, నమూనాలు దేశ ప్రజలను సరిగా ప్రతిబింబించకపోవడమే ముఖ్య కారణమని తేలినది.

పార్టీ వోటు, మనస్సాక్షి వోటు

అభిప్రాయ సేకరణ ఒక కొలత. ఎన్నిక మరొక కొలత. ఈ రెండూ ఒకటి కావు. 1951 ఎన్నికలలో లేబరు పార్టీకి 48.8 శాతం వోట్లు, కన్సర్వేటివు పార్టీకి, దాని మిత్రులకు కలిపి 48.0 శాతం వోట్లు వచ్చినవి. కాని స్థానాలు మాత్రం లేబరు వారికి 295, కన్సర్వేటివులకు 321 వచ్చినవి. నియోజకవర్గంలో ఒక్క వోటు తేడాతో గెలిచినా, వేల వోట్ల తేడాతో గెలిచినా వచ్చేది ఒకే స్థానం. అందువల్ల ఎక్కువ వోట్లు పొందిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చున్నది.

మూడవ కొలత సభలో వేసే వోటు. సాధారణంగా కామన్సు సభలో సభ్యులు తమ పార్టీ ‘విప్’ ఆదేశం ప్రకారం వోటు చేస్తారు. కాని మరణశిక్ష, గర్భస్రావం, విడాకులు వంటి నైతిక సమస్యలలో పార్టీలు విప్ జారీచేయకుండ, ఎవరి మనస్సాక్షి ప్రకారం వారు వోటు చేయవచ్చునని వదలివేసే ఆచారం అక్కడ ఉన్నది. దీనిని స్వేచ్ఛా వోటు అంటారు. ఇట్లాంటి బిల్లులను తరచుగా ప్రభుత్వం కాక సామాన్య సభ్యులే ప్రవేశపెడతారు.

పార్టీ ఆదేశం లేనప్పుడు సభ్యుడు ఎవరి మాట వినాలి? 1774లో ఎడ్మండ్ బర్క్ బ్రిస్టల్ వోటర్లకు దీనికి సమాధానం చెప్పాడు. ప్రతినిధి తన శ్రమనే కాక తన వివేకాన్ని కూడ ప్రజలకు అర్పించాలనీ, వారి అభిప్రాయం కోసం తన వివేకాన్ని వదలుకొంటే అది సేవ కాదనీ ఆయన భావం. ఈ మాటకు ఆయన మూల్యం చెల్లించవలసివచ్చినది. 1780లో బ్రిస్టల్‌లో మద్దతు కరవై పోటీ నుండి తప్పుకొన్నాడు.

ఉరిశిక్షపై మొదటి పోరాటం

సిడ్నీ సిల్వర్మన్ 1895లో లివర్‌పూల్‌లో ఒక పేద యూదు కుటుంబంలో జన్మించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరడానికి మనస్సాక్షి అంగీకరించక జైలుకు వెళ్ళాడు. తరువాత న్యాయవాది అయినాడు. 1935 నుండి నెల్సన్ – కోన్ నియోజకవర్గానికి లేబరు సభ్యుడు. ఉరిశిక్ష రద్దుకు ఆయన తన జీవితాన్ని అంకితం చేశాడు.

1948 ఏప్రిల్ 14న ఆయన ప్రతిపాదించిన సవరణను కామన్సు సభ 245 – 222 వోట్లతో ఆమోదించినది. ఆయన పార్టీయే అధికారంలో ఉన్నా, హోమ్ మంత్రి ఛ్యూటర్ ఈడ్ ఆ సవరణను వ్యతిరేకించాడు. అభిప్రాయ సేకరణలు ప్రజలలో అత్యధికులు ఉరిశిక్ష ఉండాలని కోరుతున్నట్లు చూపినవి. జూన్‌లో ప్రభువుల సభ సవరణను 181 – 28 వోట్లతో తిరస్కరించినది. ఎవరూ ఎన్నుకోని సభ ప్రజల పక్షాన, ప్రజలు ఎన్నుకొన్న సభ ప్రజాభిప్రాయానికి ఎదురుగా నిలిచిన వింత అప్పుడు సంభవించినది.

తరువాత ప్రభుత్వం ఎర్నెస్ట్ గవర్స్ అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్‌ను నియమించినది. ఈ కమిషన్ ఇతర దేశాల గణాంకాలను పరిశీలించి 1953లో నివేదిక ఇచ్చినది. ఉరిశిక్ష తీసివేసిన చోట హత్యలు పెరిగినవనడానికి గాని, తిరిగి ప్రవేశపెట్టిన చోట తగ్గినవనడానికి గాని స్పష్టమైన సాక్ష్యం లేదని అందులో పేర్కొన్నారు.

గణాంకాల కంటె ఎక్కువగా మనసులను కదిలించినది ఒక వ్యక్తి కథ. లండనులో తన పసిబిడ్డను హత్యచేశాడన్న నేరంపై తిమోతి ఎవాన్స్ అనే యువకుని 1950 మార్చి 9న ఉరితీశారు. అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవారిలో ముఖ్యుడు అదే ఇంటిలో క్రింది భాగంలో కాపురమున్న జాన్ క్రిస్టీ. మూడేళ్ళ తరువాత ఆ ఇంటిలో అనేక స్త్రీల శవాలు బయటపడినవి. క్రిస్టీయే హంతకుడని తేలి, 1953 జూలైలో అతనిని ఉరితీశారు. ఎవాన్స్ శిక్షను ఆపకుండ చట్టం తన దారిన సాగనిచ్చిన హోమ్ మంత్రి, 1948లో రద్దును వ్యతిరేకించిన ఛ్యూటర్ ఈడే. 1955లో ఆయన సభలో లేచి, ఆ కేసులో పొరపాటు జరిగినదని ఒప్పుకొని, రద్దును సమర్థించాడు. ఎవాన్స్‌కు 1966లో రాజక్షమాపణ లభించినది. అప్పటికి అతడు మరణించి పదహారేళ్ళు దాటినవి.

1956లో సిల్వర్మన్ బిల్లు మళ్ళీ కామన్సు సభలో నెగ్గి, ప్రభువుల సభలో 238 – 95 వోట్లతో ఓడిపోయినది. ప్రభుత్వం మధ్యేమార్గంగా 1957లో ఒక చట్టం చేసినది. దాని ప్రకారం తుపాకితో చంపినవారికి, దొంగతనం చేస్తూ చంపినవారికి, పోలీసులను చంపినవారికి ఉరిశిక్ష. విషం పెట్టి చంపినవారికి సామాన్యంగా ఆ శిక్ష లేదు. ఎంతో ఆలోచించి విషం పెట్టినవాడు బ్రతకడం, తొందరపాటున తుపాకి పేల్చినవాడు ఉరికంబమెక్కడం ఏమి న్యాయమని రెండు పక్షాలవారూ ఈ చట్టాన్ని విమర్శించారు.

రద్దు

1964 ఆగస్టు 13న ఇద్దరు నేరస్థులను రెండు వేరువేరు జైళ్ళలో ఒకే సమయంలో ఉరితీశారు. బ్రిటనులో అవే చివరి ఉరిశిక్షలు. అక్టోబరులో లేబరు పార్టీ స్వల్పమైన మెజారిటీతో అధికారంలోకి వచ్చినది. ప్రధాని హరాల్డ్ విల్సన్ ప్రభుత్వం సిల్వర్మన్ బిల్లుకు సభలో సమయం కేటాయించినది గాని విప్ జారీచేయలేదు. డిసెంబరు 21న బిల్లు 355 – 170 వోట్లతో రెండవ పఠనంలో నెగ్గినది. కొందరు కన్సర్వేటివులు కూడ దానిని బలపరిచారు. ఈసారి ప్రభువుల సభ కూడ 204 – 104 వోట్లతో అంగీకరించినది. చట్టం 1965 నవంబరులో అమలులోకి వచ్చినది. అయిదేళ్ళ గడువులోగా ఉభయసభలూ తిరిగి ఆమోదించకపోతే చట్టం దానంతటదే రద్దవుతుందన్న షరతు అందులో చేర్చబడినది.

ఇంతలో 1966 ఎన్నికలు వచ్చినవి. హత్యకు గురైన ఒక బాలిక బంధువు ఉరిశిక్షను పునరుద్ధరించాలని సిల్వర్మన్‌పై పోటీచేసి 5000కు పైగా వోట్లు పొందాడు. అయినా సిల్వర్మన్ గెలిచాడు. ప్రజలలో అధికులు ఉరిశిక్షను కోరుతున్నా, లేబరు పార్టీ మునుపటి కంటె పెద్ద మెజారిటీతో తిరిగి వచ్చినది. ఇందులో వైరుధ్యం లేదు. అభిప్రాయ సేకరణలో ఒక్కొక్క ప్రశ్నను విడిగా అడుగుతారు. ఎన్నికలలో వోటరు ఇంటి అద్దె, ఉద్యోగం, ధరలు, నాయకత్వం అన్నింటినీ కలిపి ఒకే వోటుతో తూచవలసి ఉంటుంది.

సిల్వర్మన్ 1968లో మరణించాడు. గడువు తీరకముందే, 1969 డిసెంబరులో హోమ్ మంత్రి జేమ్స్ కాలహాన్ చట్టాన్ని శాశ్వతం చేసే తీర్మానం తెచ్చాడు. పూర్తి గణాంకాలు వచ్చేవరకు ఆగాలని ప్రతిపక్షంలో చాలామంది వాదించారు. డిసెంబరు 16న కామన్సు సభ తీర్మానాన్ని 343 – 185 వోట్లతో ఆమోదించినది. ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ హీత్ కూడ అనుకూలంగా వోటు చేశాడు. రెండు రోజులకు ప్రభువుల సభ కూడ అంగీకరించినది. ఉత్తర ఐర్లండులో హత్యకు ఉరిశిక్ష 1973 వరకు కొనసాగినది. రాజద్రోహం వంటి నేరాలకు మిగిలి ఉన్న మరణశిక్ష 1998లో తొలగినది.

తరువాతి అనుభవం

రద్దయిన తరువాత కూడ ప్రజాభిప్రాయం వెంటనే మారలేదు. 1983లో మార్గరెట్ థాచర్ భారీ మెజారిటీతో గెలిచినది. ఆమె స్వయంగా ఉరిశిక్షకు అనుకూలురాలు. అయినా ఆ సంవత్సరం జూలైలో జరిగిన స్వేచ్ఛా వోటులో పునరుద్ధరణ తీర్మానం 223 – 368 వోట్లతో ఓడిపోయినది. ఏటేటా జరిగే బ్రిటిషు సామాజిక దృక్పథాల సర్వేలో 1986లో నాలుగింట మూడు వంతుల మంది మరణశిక్షను సమర్థించారు. 2015లో ప్రకటించిన ఫలితాలలో అది మొదటిసారి సగానికి లోపడి 48 శాతమైనది. చట్టం ముందు నడచినది. అభిప్రాయం అర్ధశతాబ్ది తరువాత మెల్లగా దాని దరికి చేరినది.

ప్రతినిధులు అన్నివేళలా ప్రజలకు ఎదురుగా పోతారని దీనిని బట్టి అనుకోరాదు. మరణం సమీపించిన రోగులకు, వారు కోరినప్పుడు, జీవితం ముగించుకోవడానికి సహాయం అందించే బిల్లుపై ఇటీవల కామన్సు సభలో స్వేచ్ఛా వోటు జరిగినది. అభిప్రాయ సేకరణలలో అధికులు ఈ మార్పును సమర్థించారు. 2024 నవంబరు 29న బిల్లు 330 – 275 వోట్లతో, 2025 జూన్ 20న 314 – 291 వోట్లతో సభలో నెగ్గినది. ప్రజల మొగ్గు, సభ మొగ్గు ఇక్కడ ఒకే వైపు ఉన్నవి. అయినా వివరాలు చర్చకు వచ్చేకొద్దీ సభలో మెజారిటీ 55 నుండి 23కు తగ్గినది. సేకరణలో అడిగే ప్రశ్న ఒక వాక్యం. శాసనంలో ఉండేవి అనేక నిబంధనలు. వాటిలో ఏది ఎవరికి హాని చేస్తుందో ఆలోచించవలసిన బాధ్యత వోటు చేసే సభ్యునిది.

అయితే ఆరువందల పైచిలుకు మంది కోట్లాది ప్రజల అభిప్రాయాన్ని త్రోసిపుచ్చడం న్యాయమా అన్న ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. ప్రతినిధి తన వివేకం ప్రకారం నడవవచ్చును గాని, ఏ వైపు వోటు చేసినదీ దాచరాదు. దానికి కారణం చెప్పాలి. తిరిగి అదే ప్రజల ముందు నిలబడాలి. సిల్వర్మన్ ఆ విధంగా నిలబడి గెలిచాడు. బర్క్ నిలవలేకపోయాడు. ఆ భయం ఉన్నంతవరకే ప్రతినిధి స్వేచ్ఛకు అర్థముంటుంది.

జ్వరమాని రోగికి జ్వరం ఎంత ఉన్నదో చెబుతుంది; ఏ మందు ఇవ్వాలో చెప్పదు. అయినా దానిని చూడకుండ వైద్యం చేసేవాడు మంచి వైద్యుడు కాడు. అభిప్రాయ సేకరణ కూడ అటువంటి సాధనమే. దానిని సరిగా తయారుచేయడం శాస్త్రజ్ఞుల పని. అది చూపిన అంకెను అర్థం చేసుకొని, మంచిచెడ్డలు తూచి, ఫలితానికి జవాబుదారీ కావడం ప్రతినిధుల పని. ఉరికంబం ఎక్కిన తరువాత నిర్దోషియని తేలిన ఒక యువకుని కథ, ఈ రెండవ పనిని ఏ అంకెకూ అప్పగించరాదని తెలియజేస్తున్నది.